చెంప ఆనేచోటు

లారెల్ లోయలో ఓరిన్ టీగ్ కొట్టం, మధ్యాహ్నం వేళ. వైసులో బిగించిన ఎనిమిది పలకల తుపాకి గొట్టం ముందు కోడలు లెటా, పక్కన ముక్కాలిపీట మీద మామ ఓరిన్.

"సరిపోయింది, మావయ్యా."

"ఏం సరిపోయింది?"

"గొట్టం వెనక మర బిరడా. చూడండి, దీని తోక గొట్టం పైపలకతో గీత గీసినట్టు కలిసిపోయింది. అంచు దగ్గర వెంట్రుక కూడా దూరదు."

"విప్పు."

"మళ్ళీనా?"

"విప్పమ్మా. బిరడా మూతి మీద మసి చూద్దాం."

"పొద్దుట్నుంచీ ఇదే. విప్పడం, కొవ్వొత్తి మసి పట్టించడం, బిగించడం, మళ్ళీ విప్పడం. మన పాప నెల్‌కి జడలేసినట్టుంది."

"జడ వదులైతే జుట్టు మొహాన పడుద్ది. ఇది వదులైతే మొహమే ఉండదు. కాస్త అటు జరిగి విప్పు, నీ ఎడమచేతి వాటానికి రెంచి నా పొట్టలో దిగేలా ఉంది."

"మరి మీరే చెయ్యొచ్చుగా. ఈ కొండల్లో సగంమందికి మీరే చేసిచ్చారు."

"నా చేతులు వణుకుతున్నాయి."

"పొద్దున కాఫీ ఒక్క చుక్క ఒలకలేదే."

"కాఫీకి వణకవు. ఏం కనపడింది?"

"మసి పట్టించింది పట్టించినట్టే ఉంది."

"ఎక్కడా చెరగలేదా?"

"లేదు."

"అంటే మూతి గొట్టం లోపలి మెట్టుకి తగల్లేదు. బయటంతా కుదిరింది, లోపల సందుంది. మొదటిసారి చేసే ప్రతివాడూ ఇక్కడే ఆపేస్తాడు. కంటికి కుదిరింది కదా అని."

"బయట కుదిరితే చాలదా?"

"పేలడం పేలుద్ది. నాలుగుసార్లు బాగానే పేలుద్ది. కాలిన తుపాకిమందు మాత్రం ఆ సందులో చేరుతూ ఉంటుంది. ఏదో ఒకరోజు అందులో నిప్పు నలుసు దాక్కునుంటుంది. నువ్వు తెలీక మీద కొత్తమందు పోస్తావు..."

"పోసినవాళ్ళ మొహం మీదికి."

"ఆ."

"బయటినుంచి చూస్తే ఎవరికీ తెలీదా?"

"తెలీదు."

"మీకు కూడానా?"

"విప్పితే తప్ప నాకూ తెలీదు. తుపాకి కర్రలో కూర్చోబెట్టాక ఎవడూ విప్పడు. ఏంటమ్మా, అలా చూస్తున్నావ్?"

"ఏం లేదు."

"ఆకురాయి అందుకో. గొట్టం చివర అరగదియ్యి. ఒక పక్కకి వంచకుండా, సమంగా. బిరడా ఇంకో పలక దాకా తిరిగి లోపలికి దిగాలి."

"అప్పుడు తోక పక్కకి పోదూ?"

"పోనీ. ఎనిమిది పలకలున్నాయి. గురి చూసే ముక్కలకి గుంటలు ఇంకా కొయ్యలేదు. తోక ఎక్కడ ఆగితే అదే పైపలక."

"మనుషులకీ అలా ఉంటే బాగుండు."

"మనుషులకి ఆకురాయి పట్టదు. ముందు ఈ మొక్కజొన్న రొట్టె తిను."

"గట్టిగా ఉంది. కాఫీలో ముంచుకుంటాను."

"ఇంకా ఆ వైపు నమల్లేవా?"

"ఇటువైపే అలవాటైపోయింది."

"కుడి దవడేగా?"

"కుడిదే. ఎందుకు?"

"ఊరికే. చలికి లాగుద్ది కదా అని."

"మిల్లు మేస్త్రీ దవడ పగలగొట్టినందుకు మీ అబ్బాయికి రెండేళ్ళు వేశారు. నా దవడకి ఏమీ వెయ్యలేదు."

"నువ్వు మెట్ల మీంచి పడ్డానన్నావు."

"అన్నాను. మీరూ పక్కనే ఉన్నారు, నేనన్నప్పుడు."

"ఉన్నాను. తిను, లెటా."

"తింటున్నాను. ఆదివారం జైలుకి చూడ్డానికి వెళ్ళారుగా, ఏమన్నాడు డ్వైట్?"

"పాలిపోయాడు. ఎండ తగలదుగా అక్కడ."

"ఏమన్నాడని అడుగుతున్నాను."

"అరిచాడు."

"దేనికి?"

"ఆకురాయి మీద పొడి దులుపు, గీతలు పడతాయి."

"మావయ్యా, దేనికి అరిచాడు?"

"వాడు అరవడానికి ఒక కారణమా. దులిపావా?"

"దులిపాను. వచ్చేవారం విడుదలట. చర్చిలో ఆడాళ్ళు ఆపిల్ కేకు చేస్తున్నారు, మీ ఆయన వస్తున్నాడుగా అని నన్ను వాటేసుకుంటున్నారు. నేనూ నవ్వుతున్నాను. నవ్వు ఎక్కడినుంచి వస్తోందో నాకే తెలీదు."

"పిల్లకి చెప్పావా?"

"చెప్పాను. అప్పట్నుంచి మంచం కింద పడుకుంటోంది. బయటికి రావే అంటే, నాన్న వచ్చేసరికి అలవాటవ్వాలి కదమ్మా అంటోంది. అంత మామూలుగా చెప్పింది, మావయ్యా. బడికి పలక సర్దుకున్నట్టు."

"రావద్దని రాయలేకపోయావా వాడికి?"

"ఏ మొహంతో రాస్తాను? ఇల్లు మీది. కొడుకు మీవాడు. ఆ పెద్ద ఫ్రిజ్‌లో మంచుగడ్డలు తప్ప ఏం లేవు. చలికాలమంతా పిల్లకి చిక్కుడుగింజలే పెట్టనా? జింకని కొట్టుకొచ్చే మనిషి కావాలిగా ఇంటికి."

"నువ్వు చిన్నప్పుడు ఉడతల్ని కొట్టేదానివటగా."

"ఎవరు చెప్పారు?"

"మీ అమ్మ. పెళ్ళిలో. రెండు గ్లాసులు తాగాక."

"తాతయ్య చెకుముకి తుపాకితో కొట్టేదాన్ని. గురి బాగానే ఉండేది. కానీ అది కుడిచేతివాళ్ళది, నిప్పు రాజేసే తాళం కుడివైపు. నేను ఎడమ భుజానికి పెట్టుకుంటే రవ్వలన్నీ నా మొహం మీదే. కనుబొమ్మ కాలింది ఓసారి. ఇక మానేశాను."

"ఊ."

"షెరీఫ్ వచ్చి ఇంట్లో తుపాకులన్నీ పట్టుకుపోయాడు. శిక్ష పడ్డాడు కాబట్టి డ్వైట్ ఇంక వేరేవి ముట్టకూడదట, ఈ పాతరకమైతే పర్లేదని అందరూ అంటున్నారు. అందుకేగా మీరు ఈ గొట్టం బయటికి తీసింది?"

"అందరూ చాలా అంటారు. మా నాన్న ఒకటనేవాడు. తుపాకికి ఎవరి చెంప ఆనుద్దో వాళ్ళే బిరడా బిగించుకోవాలి, లోపల ఏముందో వాళ్ళే ఎరిగుండాలి అని. నాదానికి నాచేతే చేయించాడు. ఏడుస్తూ చేశాను."

"మరి మీ అబ్బాయి వచ్చాక మీ అబ్బాయినే చేసుకోమనకపోయారా."

"చాలు, అరిగింది. మసి పట్టించి బిగించు."

"మావయ్యా."

"ఊ."

"ఇందాకటిలాగే వదిలేసుంటే?"

"వదిలేసుంటే?"

"ఏం లేదు. అడిగాను."

"అలా అడుగుతుంటే నీకేమనిపిస్తోంది?"

"అదే, ఏమీ అనిపించట్లేదు. భయం వెయ్యాలి కదా నన్ను చూసి నాకే? వెయ్యట్లేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలీదు చూడండి, అలా ఉంది. పాలగిన్నె కడిగినా, పిల్లని ఎత్తుకున్నా, ఇది తలుచుకున్నా, అన్నీ ఒకటే."

"సందు ఉండకూడదు, తల్లీ. పూర్తిగా బిగించు."

"మీ కొడుకు కదా. మీకు బాధ ఉంటుంది."

"బిగించు. ఇంకా తిరుగుద్ది. ఇంకొంచెం. ఆఁ. ఇప్పుడు విప్పు."

"చెరిగింది."

"ఎక్కడ?"

"మూతి అంచంతా, చుట్టూ. ఉంగరంలా మెరుస్తోంది."

"ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ లేదుగా?"

"లేదు. బిగించినప్పుడు తోక కూడా పలక మీదే ఆగింది, వెనకాల సందు లేదు."

"నన్ను చూడనీ. ఊఁ. ముప్ఫై ఏళ్ళలో డ్వైట్ చేత నేను ఇంత సాఫుగా చేయించలేకపోయాను."

"పొగడకండి, నాకు ఏడుపొస్తే బాగుండు అనిపిస్తుంది."

"అయితే పొగడను. మళ్ళీ బిగించి అడుగున ఉలితో ఒక గీత పెట్టు, గొట్టం మీదా బిరడా మీదా కలిసేట్టు. ఇక దీన్ని విప్పే పని లేదు."

"పెట్టాను."

"ఇప్పుడు నిప్పు రంధ్రం. ఎడమవైపు పలక మీద చుక్క పెట్టు."

"ఎడమవైపా?"

"ఎడమే. తాళం అటే వస్తుంది. ఆ సంచిలో ఉంది, పోయిన నెలే తెప్పించాను."

"మీకు తెలీనిదేముంది గానీ, డ్వైట్‌ది కుడిచెయ్యి, మావయ్యా."

"ఎరుగుదును. ఆదివారం వాడికి చెప్పొచ్చాను, ఈ లోయ దారి తొక్కొద్దని. అందుకే అరిచాడు. ఆ ఉలి కింద పెట్టి ఇలా రా. కర్ర కొలత తియ్యాలి. నొప్పిలేని చెంప ఆన్చు."