చెమట కదలాలంటే

ఒకప్పుడు సముద్రం ఒడ్డునున్న ముయ్‌నాక్ ఊరి చివర ఒక ఇల్లు. ఉయ్యాలలో ఎనిమిది నెలల ఎసెన్. పక్కన వాడి నాయనమ్మ ఉల్బోసిన్, ఊళ్ళో అందరికీ ‘ఆపా’, అంటే అక్క. నర్సు జమీరా వాడి చేతికి చెమట పరీక్ష బిళ్ళ అంటించి, పక్కింట్లో టీకాలు వేసి, అప్పుడే తిరిగొచ్చింది.

“బిళ్ళ మీద చుక్క తెల్లగానే ఉంది, చూడు. జబ్బు లేదన్నమాట. ఇక టీ తాగి బయల్దేరు, అమ్మాయ్.”

“ఉండండి ఆపా. చుక్క తెల్లగా ఉండటం వేరు, చెమట అసలు చుక్కదాకా రాకపోవడం వేరు.”

“తెల్లనిది తెల్లనిదే. చెమటలో ఉప్పెక్కువైతే రంగు మారుతుందని నువ్వేగా చెప్పావు.”

“చెప్పాను. ముందు చెమట చుక్కని తాకాలి కదా. ఇదిగో, బిళ్ళలో ఈ వెంట్రుకంత కాలువ సగందాకా తడిసి ఆగిపోయింది. దీని మీద ఏమైనా కప్పారా?”

“ఏం కప్పుతాం.”

“చేతి మీద, ఆపా.”

“బయట గాలి చూశావా? ఎండిపోయిన సముద్రపు ఉప్పు దుమ్మంతా లేచి ఇంట్లోకొస్తోంది.”

“నేనడిగింది గాలి సంగతి కాదు.”

“ఒక్క గుడ్డ. పలచటిది.”

“ఉయ్యాల మీద నాలుగున్నాయి.”

“మా ఇళ్ళల్లో ఏడు కప్పుతారు. మీ అమ్మా నీ మీద కప్పే ఉంటుంది. చచ్చావా?”

“చావలేదు, అందుకే బయట మా ఆసుపత్రి జీపు డ్రైవరు నాకోసం హారన్ కొడుతున్నాడు. గాలి ముదిరితే దారి కనపడదని వాడి గొడవ. నా మాట వినండి. బిళ్ళ చివర ఈ చిన్న కాగితం ముక్క గాలికి ఆరాలి. ఆరేకొద్దీ అది వెనకనుంచి చెమటని లాక్కుంటుంది. దీపం వెలిగేకొద్దీ వత్తి నూనెని లాగుతుందే, అలాగ. మీరు గుడ్డలు కప్పితే లోపలంతా ఉక్క. కాగితం ఆరదు. అది ఆరకపోతే చెమట కదలదు.”

“కదలకుండానే ఉండనీ.”

“ఏంటీ?”

“ఏం లేదు. టీ చల్లారిపోతోంది.”

“ఇంకో బిళ్ళ ఉంది. రెండో చేతికి చెమట పట్టే మందు పెట్టి మళ్ళీ వేస్తాను. ఈసారి చెయ్యి బయటే ఉండాలి.”

“వద్దొద్దు. డ్రైవరు తిడతాడు.”

“తిట్టనీండి.”

“వీడికి చలి తగుల్తుంది. దిష్టి తగుల్తుంది.”

“ఈ వడగాలిలో చలా?”

“ఇదంతా మా కోడలి గోల. పిల్లాణ్ణి ముద్దుపెట్టుకుంటే ఉప్పగా ఉన్నాడట. ఈ ఊళ్ళో ఉప్పగా లేనిదెవరు? తలుపు నాకినా ఉప్పే. మా మేక నాకుతుంది, అడుగు దాన్ని.”

“మీ మేక బొద్దుగా ఉంది ఆపా. వీడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు. దగ్గు తగ్గదు.”

“పళ్ళొస్తున్నాయి.”

“పుట్టినప్పట్నుంచీనా?”

“నువ్వు సూదులెయ్యడానికొచ్చావా, ఆరాలు తియ్యడానికొచ్చావా?”

“పనినుంచి రాగానే మీ కోడలు నాకు ఫోన్ చేస్తుంది. ఏం చెప్పను? మీ అత్తగారు గుడ్డలు కప్పారు, కాబట్టి మీవాడికి ఏ జబ్బూ లేదనా?”

“వెటకారం బాగా నేర్చావు.”

“మీకు భయంగా ఉంది కదూ?”

“నాకా? సముద్రం వెళ్ళిపోయినప్పుడే భయపడలేదు.”

“ఆపా.”

“సరే, జబ్బని తేలిందనుకో. ఏం చేస్తారు? తేలాక ఏముంటుంది, ఏడవడం తప్ప?”

“ముందు నుకూస్ పెద్దాసుపత్రిలో ఇంకోసారి చూస్తారు. తర్వాత పాలతో కలిపిచ్చే మందుంది, అది వేస్తే తిన్నది ఒంటికి పడుతుంది. వీపు తట్టి కఫం తియ్యడం నేనే నేర్పిస్తాను, మీకే నేర్పిస్తాను. పూర్తిగా పోదు, అబద్ధం చెప్పను. కానీ ముందే తెలిస్తే ఇలాంటి పిల్లలు పెరుగుతారు. బడికెళ్తారు.”

“బడికా.”

“బడికే. ఇదే జబ్బుతో మా దగ్గరికొచ్చే అమ్మాయి ఒకతి మొన్న మూడో తరగతిలో చేరింది. నోరు మూస్తే ఒట్టు.”

“మందు పెట్టేటప్పుడు వీడు ఏడుస్తాడా?”

“కాస్త చిమచిమలాడుతుంది. మీరు ఎత్తుకుంటే ఏడవడు.”

“ఆ డ్రైవర్ని లోపలికి రమ్మను, ఇంత రొట్టె తింటాడు. గుడ్డలన్నీ నేనే తీసేస్తా. కప్పింది చలికి కాదు, అమ్మాయ్. వీడి నాన్నకి ముందు నేను కని పోగొట్టుకున్న ఇద్దరి నుదుళ్ళూ ఇలాగే ఉప్పగా ఉండేవి.”