నిద్రమొహం లేని చావు కాగితం

ఇటలీ దక్షిణాన లెచ్చె పట్నం దాపున ఒక చిన్న ఊరు. పోంపిలియా అచ్చాపీసు. ఎవరు పోయారో ఊరికి చెప్పడానికి ఆమె వేసిన చావు కాగితాలు పొద్దున్నే గోడలెక్కాయి.

“...అంటే నేను చచ్చిపోయాననేగా?”

“మీరని ఎక్కడుంది, కోసిమో గారూ? కోసిమో లెజ్జి పోయారని ఉంది.”

“మరి నా పేరేమిటే?”

“కోసిమో లెజ్జే. మనవళ్ళందరికీ మీ తాత పేరే పెట్టుకుంటే నేనేం చెయ్యను? పోయింది మీ పెదనాన్నగారబ్బాయి.”

“అది నీకూ నాకూ తెలుసు. ఊరికి తెలియాలంటే కింద మారుపేరు ఉండాలా వద్దా? ‘నిద్రమొహం’ అని! వాణ్ణి కోసిమో అని పిలిచింది ఈ ఊళ్ళో పాదిరీ ఒక్కడే.”

“ఉండాల్సిందే, కానీ...”

“లావుగా, వాలుగా! ఆ బోల్డ్ ఇటాలిక్‌లో! స్కూటర్ మీద పోయేవాడి కంట్లో కూడా పడేట్టు!”

“దాని మాటెత్తకండి, నాకు ఒళ్ళు మంట. కేకు డబ్బాల మీద అదే, ఓడిపోయేవాడి ఎన్నికల ఫొటో కింద అదే. ఒళ్ళంతా కొవ్వు, పైగా వయ్యారం. కొసలకి గోళ్ళు పెంచుకుని, ఎవరో గాలి కొడుతున్నట్టు పక్కకి వాలుతుంది. మిగతా అక్షరాలు మాట్లాడతాయి. ఇది అరుస్తుంది.”

“అరవాలనేగా నా ఏడుపు! పొద్దుట్నించీ ఆడవాళ్ళు చక్కెరా కాఫీపొడీ పట్టుకుని మా ఇంటికి పరామర్శకి వస్తున్నారు. నేను తలుపు తీస్తే ఒకావిడ శిలువ గీసుకుని గోడకి అతుక్కుపోయింది.”

“మరి మీ ఆవిడ?”

“ఇమ్మకొలాటా ఒట్టి మొహమాటస్తురాలు. కుర్చీలేసి కూర్చోబెట్టింది. వాళ్ళు జడుసుకుంటారని నన్ను లోపలి గదిలోకి పొమ్మంది.”

“నల్ల గౌను వేసుకున్నారా?”

“బావగారు పోతే వేసుకోదూ? ఏం ప్రశ్నే అది? లోపల్నించి అంతా వినపడింది. నన్ను మంచివాడన్న నోరు ఒక్కటీ లేదు! ‘ఇకనైనా ఆ కిటికీలు తెరుచుకో’ అందొకావిడ. ‘కూరలో ఉప్పెక్కువైందని పళ్ళెం తోసేవాడు లేడుగా’ అందింకొకావిడ.”

“దానికి మీ ఆవిడ ఏమన్నారు?”

“ఏమంటుంది పాపం, దుఃఖంలో ఉంది. ‘అవును’ అంది.”

“ఊఁ.”

“ఊఁ ఏమిటి? మధ్యాహ్నానికల్లా కొత్త కాగితం వేసి అంటించు. అసలు ఆ మాట ఎగ్గొట్టిన గాడిద ఎవరు? నువ్వేనా?”

“నేను పెట్టానండీ. అసహ్యించుకుంటూనే పెట్టాను, లావుగా, వాలుగా. ప్రూఫ్ చూసినవాళ్ళు కొట్టేయమన్నారు.”

“ఎవరు? మా వదినా?”

“ఆవిడ శవం దగ్గర్నించి కదల్లేదు. ఇంటివాళ్ళనెవర్నో పంపారు.”

“ఎవర్ని?”

“పోనివ్వండి. కొత్తది వేస్తానన్నానుగా.”

“పోనివ్వను! బతికున్న మగాణ్ణి చంపి గోడకి అంటిస్తారా! పేరు చెప్పు, ఇంటికెళ్ళి నాలుగు దులిపొస్తాను. బుర్రలేని దద్దమ్మ! అదే మా ఇమ్మకొలాటా చూసుంటే ఇంత పొరపాటు జరిగేదా?”

“చూసింది ఆవిడేనండీ. ‘ఆ వాలు మాట తీసెయ్, పోంపిలియా. ఒక్క పూట చాలు’ అన్నారు.”