ఓడ టైము

(ద్వీపంలో ఇసుక ఒడ్డు. అద్దె గొడుగు కింద తల్లీ, పెళ్ళయిన కూతురూ. దూరంగా రేవులో, పొద్దున వాళ్ళు దిగివచ్చిన ఓడ.)

"ఆ ఐసు ముక్కలు తీసి పారెయ్యవే. ఏ నీళ్ళతో చేశారో ఏమో."

"తాగేశానమ్మా."

"తాగేశావూ? అయిపోయింది. వాంతులు పట్టుకుంటే ఓడలో డాక్టరుకి మన భాష కూడా రాదు."

"వాంతి ఏ భాషలోనైనా తెలుస్తుందిలే."

"నవ్వుతావేం?"

"నవ్వలేదు."

"అవును, నవ్వలేదు. నవ్వుంటే బాగుండుననిపించి అన్నాను."

"నీ సంచి ఏంటమ్మా ఇంత బరువు?"

"మందులు, రొట్టె, దుప్పటి, ఇద్దరికీ రెండేసి జతల బట్టలు."

"ఒక్క పూటకా?"

"తడిస్తే? జ్వరమొస్తే? అది సరే, ఈ ఎండలో ఆ పొడుగు చేతుల చొక్కా ఏంటే. అందరూ బనియన్లేసుకుని తిరుగుతుంటే."

"నల్లబడతానని."

"గొడుగు కిందా?"

"అమ్మా, ఊరుకో."

"ఊరుకున్నాను. మోచెయ్యి ఏమైందని నేనేం అడగడం లేదు."

"బాత్రూం తలుపు తగిలింది."

"అడగలేదన్నానుగా."

"సరే."

"ఓడలో మన రెండు గదుల మధ్య గోడ అట్టముక్కలా ఉందే, చిన్నీ. మొన్న కుళాయి అంతసేపు ఎందుకు తిప్పి ఉంచావ్?"

"మొహం కడుక్కున్నాను."

"అరగంటా?"

"జిడ్డు మొహం నాది."

"అల్లుడికి కంపెనీ వాళ్ళిచ్చిన ట్రిప్పు. మొగుడూ పెళ్ళాలు వెళ్ళాల్సింది. నన్నెందుకు లాక్కొచ్చావు?"

"నువ్వు పక్కన ఉంటే ఆయన కాస్త..."

"కాస్త?"

"ఏం లేదు. నువ్వెప్పుడూ ఓడ ఎక్కలేదు కదా, అందుకని."

"ఇంకెన్నాళ్ళే ఇలా?"

"ఇంటికెళ్ళాక చూద్దాం."

"పోయినేడూ ఇదే మాట."

"ఏం చెయ్యమంటావ్? గది దాటాలంటే అడగాలి. ఇవాళ పేకాట పోటీ ఉంది కాబట్టి, నీతో కాబట్టి వదిలాడు. ఎక్కితే మళ్ళీ ఎనిమిది రోజులు."

"ఎనిమిది."

"టైమెంతమ్మా? మూడున్నరకల్లా ఎక్కాలి. నాలుగింటికి ఓడ కదిలిపోతుంది."

"నీ ఫోను చూడు."

"రెండూ పది."

"ఇంకేం, బోలెడు టైముంది."

"నువ్వేనా ఈ మాటంటున్నది? బస్సుకి గంట ముందెళ్ళి స్టాండులో కూర్చునేదానివి. నాన్న నిన్ను కంట్రోలరుగారూ అని పిలిచేవాడు."

"పిలిస్తే పిలిచారు. జన్మలో ఒక్క బస్సైనా తప్పిపోయిందా?"

"నీ వాచీ ఏది?"

"సంచిలో వేశాను. ఉప్పునీళ్ళు తగిలితే ఆగిపోతుంది."

"నువ్వు నీళ్ళ దగ్గరికే వెళ్ళలేదు."

"ఉప్పు గాలిలోనూ ఉంటుంది."

"ఉండమ్మా, ఫోను. ఆయనే."

"చేతుల నిండా ఇసుక. ఇలా ఇయ్యి."

"ఎత్తకపోతే తర్వాత నేనే పడాలి."

"ఇలా ఇయ్యమంటుంటే. సంచిలో పడేస్తాను, మోగీ మోగీ అదే ఊరుకుంటుంది. వెళ్ళి కాసేపు నీళ్ళలో నిలబడు."

"పొద్దున వద్దన్నావుగా. అల లాక్కుపోతుందన్నావు."

"చీలమండ దాకానే. నేను వెనకాల నీ చొక్కా పట్టుకుంటాను."

"సరే."

"చల్లగా ఉందా?"

"ఏమో. తెలియడం లేదు."

"కాళ్ళు మొద్దుబారాయా?"

"కాళ్ళు కాదమ్మా."

"ఊఁ."

"ఎప్పట్నుంచో అంతే. తిన్నా అంతే. ఎండగా ఉందంటారు, ఉంటుందిలే అనుకుంటాను."

"ఇంకాసేపు నిలబడు. తొందరేం లేదు."

"చొక్కా అంత గట్టిగా పట్టుకున్నావేం?"

"అల లాక్కుపోకుండా. రొట్టె ముక్క తిందాం పద, గొడుగు కిందకి. మెల్లిగా నములు, గొంతుకడ్డం పడుతుంది."

"నువ్వు తినడం లేదే."

"తింటాన్లే."

"అదేంటమ్మా, కూత?"

"ఓడది."

"ఇప్పుడెందుకు? ఇంకా గంటుందిగా."

"కూర్చో, చిన్నీ."

"కాదమ్మా, చూడు. వెనక్కి జరుగుతోంది. రేవు వదిలేసింది. ఫోనివ్వు, టైము..."

"ఫోను ఈ ద్వీపం టైము చూపిస్తుందే. ఓడ టైము దీనికంటే గంట ముందు, ఇక్కడ మూడంటే అక్కడ నాలుగు. దిగేటప్పుడు గేటు దగ్గర ఓడవాళ్ళ అమ్మాయి నా వాచీ మీద వేలు పెట్టి, ముల్లు తిప్పొద్దని రెండుసార్లు చెప్పింది. నువ్వు నేల చూస్తున్నావు."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే కూర్చున్నావా? కూర్చుని రొట్టె తినిపించావా?"

"కాసేపు నిలబడమని కూడా అన్నాను."

"అమ్మా, ఊరు తెలియదు, మనిషి తెలియదు. కాగితం ముక్క లేదు నా దగ్గర. పోలీసులు అడిగితే ఏం చూపిస్తాం? నీకు భయం లేదూ?"

"భయమే. కాగితాల్లేకపోతే పట్టుకుని మళ్ళీ అతని దగ్గరికే పంపేస్తారేమోనని ఎంత భయమో. అందుకే పొద్దున అతను స్నానానికెళ్ళినప్పుడు దువ్వెనకని మీ గదికొచ్చి, నీ పాస్‌పోర్టు సంచిలో వేసుకున్నాను."