పెద్దాయన పళ్ల సెట్టు

హలో… ఆ, నేనేనమ్మా, చెత్తబండి నడిపేదాన్ని… ఎవరింటి నుంచి?… ఓ, మూలమీద పచ్చగేటు. చెప్పండి…

ఏం పోయాయి?… పళ్లా?… మీ మామగారి పళ్ల సెట్టు. పొద్దున మీరిచ్చిన కవర్లోకి వెళ్లిపోయిందా… సరే, ఏడవకండి. బండి ఇంకా ఖాళీ చెయ్యలేదు. చెత్త దింపే యార్డు బయట వరసలో ఉన్నాను…

వెతకొచ్చు. కానీ మీ కవరు సంగతి మీకు తెలుసుగా… తెలీదా? నేను చెబుతా. నిన్నటి అన్నం, టీ పొడి, షాంపూ డబ్బా, మందు సీసా, అన్నీ ఒకటే కాపురం. మీ పక్కింట్లో రెండు బుట్టలు. వాళ్ల పళ్లయితే ఈపాటికి దొరికేవి…

దెప్పట్లేదమ్మా. దెప్పాల్సింది వేరే ఉంది. పోయిన వారం మీ కవర్లోనే పగిలిన గ్లాసు… ఆ, మీదే. బండి మీద నాతో వచ్చే మా చెల్లెలికి గ్లౌజు చీల్చుకుని అరచెయ్యి తెగింది. నాలుగు కుట్లు. అది ఇంట్లో కూర్చుంది, నేనొక్కదాన్నే ఎక్కడం, దిగడం…

ఊఁ… తెలియక చేశారు. సరే. రేపట్నుంచి తడి వేరు, పొడి వేరు. గాజుముక్కలు కాగితంలో చుట్టి, చెప్పి చేతికివ్వాలి. ఒప్పుకుంటే చెయ్యి పెడతా… ఒట్లెందుకమ్మా, పాత బకెట్టు ఇంకోటి పెట్టండి చాలు…

ఉండండి, ఫోను భుజానికి నొక్కుకుంటా… అబ్బా, ఈ కూర ఎన్నాళ్లది?… అడగన్లెండి… ఇదేంటి, కాగితంలో చుట్టి, పైన రబ్బరుబ్యాండు కూడా… దొరికాయి. నన్ను చూసి నవ్వుతున్నాయి…

ఆ, ఫోను ఆయనకివ్వండి… నమస్కారం తాతగారూ… ఏంటి, వరండాలోకి వెళ్తున్నారా?… ఆఁ? నెమ్మదిగా చెప్పండి… మీరే పడేశారా?

…చిగుళ్లు కోసేస్తున్నాయా… చెబితే కోడలు ‘అలవాటైపోతుంది’ అంటోంది… నెల్లాళ్లుగా గంజేనా…

మరి నన్నేం చెయ్యమంటారు?… మళ్లీ పారెయ్యాలా? ఎందులో వెయ్యను, తడా, పొడా?… నవ్వకండి తాతగారూ. ఇవి పోతే కొత్తవి కట్టిస్తారు, అవీ కోస్తాయి. చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లి, గుచ్చుకునేచోట అరగదీయించుకోండి… నేను చెబుతాలెండి… మీరే పడేశారన్నది చెప్పను. ఫోను ఆవిడకివ్వండి…

అమ్మా, సాయంత్రం కడిగి తెచ్చిస్తా. కానీ రేపే డాక్టరుకి చూపించండి. అంచు గ్లౌజులోంచే తగులుతోంది, పాపం చిగుళ్ల మాటేంటి…

అంతసేపు ఏం మాట్లాడారా?… ఏమోనమ్మా. పళ్లు లేవు కదా, ఒక్క ముక్కా అర్థం కాలేదు…

ఉంటా, నా వంతొచ్చింది.