మీటరు అరవైలోనే ఉంది

నా పేరు మీరు పైన రాసుకున్నారు. కర్టెన్లమ్మ అంటే గానీ మా వీధిలో ఎవరికీ తెలీదు, అది కూడా రాయండి. వయసు నలభై ఆరు. హోటళ్లకీ ఆసుపత్రులకీ కర్టెన్లు కుడతాను, నా కారులోనే తీసుకెళ్లి నేనే తగిలించి వస్తాను. ఈ రోజు పొద్దున హైవే మీద జరిగిన ప్రమాదం గురించి, ఎవరూ బెదిరించకుండా, నా అంతట నేనే చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు ఒక్క మాట ఎస్సై మేడమ్. మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, అచ్చం ఇలాంటి కారులోనే పెళ్లాన్నీ కూతుర్నీ ఎక్కించుకుని ఇప్పుడు ఇదే హైవే మీద ఉన్నాడు. నా కారుకి చేసిన పనే దానికీ చేశారు. ఆ కారులో మీటరు ఎనభై చూపిస్తే బండి వందలో ఉన్నట్టు. ఆ సంగతి అతనికి తెలీదు. ఇంకాస్త దూరం పోతే కొండ దిగే రోడ్డు వస్తుంది. బండి నడుపుతూ ఫోన్ ఎత్తడు, అంత జాగ్రత్త మనిషి. తోడికోడలి ఫోను స్విచ్ఛాఫ్ వస్తోంది. కానిస్టేబులు చేస్తూనే ఉంటాడు, టోల్‌గేటుకి కూడా చెప్పాం, మీరు జరిగింది చెప్పండి అన్నారు. సరే, చెబుతున్నాను. నా చెవి మాత్రం ఆ ఫోను మీదే ఉంటుంది. మాట తడబడితే ఏమీ అనుకోకండి.

కారు పాతది. దాని పెట్రోలు ఇంజను చేతులెత్తేస్తే, మా తమ్ముడు ఒక వ్యాను డీజిలు ఇంజను తెచ్చి బిగించాడు. వాడు మెకానిక్. అదిగో, పక్క గదిలో బెంచీ మీద తల పట్టుకు కూర్చున్నది వాడే. ఊళ్లో బాగానే తిరిగేది గానీ హైవే ఎక్కితే ఇంజను గగ్గోలు పెట్టేది. డీజిలు మంచినీళ్లలా తాగేది, లీటరుకి పన్నెండే వచ్చేది. ఇది నింపాదిగా తిరిగే ఇంజనక్కా, వెనక ఇరుసులో పాత పళ్లచక్రాలు దీన్ని పరుగులు పెట్టిస్తున్నాయి, అవి మారిస్తే ఇంజను తక్కువ తిరిగి బండి ఎక్కువ పోతుంది అన్నాడు. పాత ఇనుము దుకాణాలన్నీ గాలించి రెండు జతలు తెచ్చాడు. ఒకటి నాకు పోయిన నెలలో బిగించాడు. రెండోది మరిదికి, మొన్న ఆదివారం.

బిగించాక అరుపు పోయింది. పక్క సీట్లో వాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. కానీ ట్యాంకు నింపి, మీటరు చూసి లెక్కేస్తే మళ్లీ లీటరుకి పన్నెండే. వాడికి తిండి సహించలేదు. కారు మీద క్యారియరు పీకేశాడు. టైర్లలో గాలి పెంచాడు. బరువని చెప్పి నేనెక్కి కర్టెన్లు తగిలించే స్టూలు కూడా దించేశాడు. స్టూలు లేకుండా ఎలారా అంటే, హోటల్లో కుర్చీ అడగక్కా అన్నాడు. అయినా పన్నెండే. మరిది కూడా సోమవారం ఫోన్ చేసి, మైలేజీ ఏమీ పెరగలేదు వదినా, బండి మాత్రం హాయిగా పోతోంది అన్నాడు. ఆ హాయి అన్న మాటే ఇందాకటి నుంచి నన్ను తినేస్తోంది.

పొద్దున ఎనిమిదిన్నరకి ఊరి చివర బంకులో ట్యాంకు నింపి, తమ్ముడు చెప్పినట్టు దూరం లెక్కేసే చిన్న మీటరు సున్నాకి తిప్పి బయల్దేరాను. రోడ్డు పని జరుగుతున్న మలుపు దగ్గర ఒకాయన ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన్ని చూశాను. మీటరు కూడా చూశాను. మీటరు అరవైలోనే ఉంది. అరవైలో ఎంత దూరంలో బ్రేకు తొక్కాలో నా కాలికి తెలుసు, అక్కడే తొక్కాను. బండి ఆగలేదు. మునుపైతే ఇంజను అరుపుకి నా కాలు దానంతటదే లేచేది. ఇప్పుడు అరుపు లేదు. రోడ్డుకి అడ్డంగా పెట్టిన డ్రమ్ములు రెండు ఎగిరిపడ్డాయి. ఆయన పక్కకి దూకాడు గానీ కాలు మీద తగిలింది. ఎముక విరిగిందన్నారు, ప్రాణానికేం కాదన్నారు, అది నిజమేనా మేడమ్? ఆయన చెప్పు నా బంపరు కింద ఉండిపోయింది. నా సంచిలో పెట్టుకున్నాను. ఎవరికివ్వాలో ఎవరూ చెప్పలేదు.

కెమెరాలో డెబ్బయి అయిదు పడిందని మీ జమేదారు అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆడదానికి బండి రాదనుకుంటున్నారా, మీటరు అరవైలోనే ఉంది అని గట్టిగానే అన్నాను. ఆ మాటకి క్షమించాలి. అప్పటికి తమ్ముడు కూడా వచ్చాడు. బంకు నుంచి ఇక్కడికి ఎంత దూరం వచ్చారని జమేదారు అడిగితే, చిన్న మీటరు చూసి ముప్పై రెండు కిలోమీటర్లు అన్నాను. నలభై అమ్మా, రోజూ తిరిగే రోడ్డు అన్నారు.

తమ్ముడు రోడ్డు పక్కన మట్టిలో కూలబడ్డాడు.

"అక్కా, మైలేజీ పెరిగింది" అన్నాడు.

వాడికి మతి పోయిందనుకున్నాను. తర్వాత విడమర్చి చెప్పాడు. మీటరు తీగ గేరుబాక్సు నుంచి వస్తుంది. పళ్లచక్రాలు మారాక గేరుబాక్సు తక్కువ తిరుగుతుంటే మీటరు కూడా తక్కువే చూపిస్తుంది, వేగమూ తక్కువే, దూరమూ తక్కువే. బిగించిన రోజే మైలేజీ పెరిగింది. తప్పుడు మీటరు పెట్టుకుని లెక్కేస్తూ, పెరగలేదని నెల రోజులు ఏడ్చాం. వాడు దొంగ కాదు మేడమ్, కావాలని చేసింది కాదు. తను బిగించిన దానితోనే తను కొలిచాడు, అంతే. అప్పుడే ఇద్దరికీ ఒక్కసారే మరిది గుర్తొచ్చాడు.

ఇంతవరకు చెప్పేసరికి తోడికోడలి ఫోను కలిసిందని కానిస్టేబులు పరుగెత్తుకొచ్చాడు. చార్జింగ్ అయిపోతే ఇప్పుడే పెట్టుకుందట. నా గొంతు విని తనే నన్ను ఓదార్చింది.

"ఊరికే కంగారు పడకక్కా, ఆయన ఎనభై దాటట్లేదు."

"పక్కకి ఆపమను. ఎందుకని అడగొద్దు, ముందు ఆపమను" అన్నాను.

ఆమె చెప్పడం వినపడింది. ఇండికేటరు టిక్కుటిక్కుమనడం వినపడింది. అది ఎంతకీ ఆగదే అనిపించింది. తర్వాత ఆగింది. ఆగాం, ఏమైంది వదినా అని మరిది గొంతు వచ్చింది. విడమర్చి చెప్పమని ఫోను పక్క గదిలో తమ్ముడికి ఇప్పించాను.

పైన ఉన్నదంతా రాసుకున్న స్టేషను రైటరు నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, చెప్పనిది లేదు. మీటరు అరవైలో ఉందన్న మాట తీసేయమంటారా అని అడిగారు, వద్దన్నాను. నేను చూసింది అరవై, బండి పోయింది డెబ్బయి అయిదు. రెండూ ఉంచమని చెప్పి, కింద నా చేత్తో సంతకం పెడుతున్నాను.

(సంతకం)

దీనితోపాటు స్టేషనులో అప్పగించినది: ఎడమ కాలి చెప్పు ఒకటి.