ఆఖరి వరస

అమలాపురంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే లాబ్ అది. బల్లకి ఇవతల లాబ్ నడిపే లక్ష్మీకాంతం మేష్టారు, అవతల కుర్చీలో రొయ్యల చెరువుల ఆసామి బుచ్చిరాజు, గుమ్మం దగ్గర బుచ్చిరాజు ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం చూసుకునే పోలయ్య. ఆ అక్వేరియం నీళ్ళు పరీక్షకి పంపితే మద్రాసు నించి వచ్చిన ఇంగ్లీషు రిపోర్టు మేష్టారి చేతిలో ఉంది. అందులో ఏముందో మనసులో అప్పటికే ఒకసారి చదివేసుకుని, ఇప్పుడు పైకి చదువుతున్నాడు.

"…ఉప్పు ముప్ఫై అయిదు. సముద్రంలో ఎంతుంటుందో అంతే ఉందండి బుచ్చిరాజుగారూ. ఉప్పు దగ్గర తప్పులేదు."

"తప్పులేనివి నాకెందుకండి మేష్టారూ? గుమ్మంలో కాలెట్టినోడల్లా నోరెళ్ళబెట్టి చూసే తొట్టి! బతికున్న పగడాలండి! మద్రాసు నించి పసిపిల్లల్లా ఒళ్ళో పెట్టుకు తెచ్చుకున్నాను. వారం తిరిగేసరికి శ్మశానం అయిపోయింది. ఎవరు చంపేరో అది చెప్పండి."

"చెప్తానండి, చెప్తాను. వరసగా చూడాలి కదా. పీహెచ్ ఎనిమిది పాయింటు ఒకటి. బానే ఉంది. కాల్షియం నాలుగొందలు. అదీ బానే ఉంది."

"అదేనండి మేష్టారూ, నేనూ అదే అన్నానండి. నీళ్ళు నేను రోజూ…"

"నువ్వు నోర్ముయ్యరా పోలయ్యా. నిన్నెవరడిగేరు?"

"ఆయ్."

"అమ్మోనియా… ఇదిగో. ఇక్కడుందండి. రెండు దాటింది. అసలుండకూడదు."

"అమ్మోనియా అంటే?"

"మేత మిగిలి అడుగున కుళ్ళితే పుడుతుందండి. మీ చెరువుల్లో చూడరూ, మేత ఎక్కువైతే అడుగు నల్లబడిపోతుంది. అదే."

"అంటే మేతేసినోడు చంపేడు."

"అంటే… రిపోర్టు అలా చెప్తోందండి."

"విన్నావురా పోలయ్యా? మద్రాసు నించి నీ పేరే రాసి పంపేరు. పెద్దవాడివైపోయేవు."

"చిటికెడే వేసేవాణ్ణండి రాజుగారూ. అమ్మగారి ఎదురుగానే వేసేవాణ్ణండి. మేష్టారండీ, ఒక్క మాట. ముందు చేపలు పోలేదండి. తొట్లో ఉన్న చిన్నరొయ్యలు, నత్తలు పోయేయి. మర్నాటికి పగడాలు ముడుచుకుపోయి తెల్లబడ్డాయి. చేపలు ఆ తరవాత నాలుగురోజులు తిరిగేయండి. మేత కుళ్ళితే ముందు చేపలు కదండీ తేలాలి?"

"ఓహో! లాబ్ ఎప్పుడు పెట్టేవురా?"

"కాదండి, చూసింది చెప్తన్నానండి. అవన్నీ చచ్చి కుళ్ళేకే ఆ అమ్మోనియా ఏదో పుట్టిందేమోనని…"

"పోలయ్యా, ఇవన్నీ నీకు తెలిసేవి కావు."

"ఆయ్, తెలీదండి మేష్టారూ. మీరిచ్చిన నీలంపొడి వేసిన మర్నాడే మొదలైందని…"

"నీలంపొడేంటండి మేష్టారూ?"

"ఏం లేదండి బుచ్చిరాజుగారూ. అద్దాలకి పచ్చనాచు పట్టిందని వస్తే, చెరువుల్లో నాచుకి వేసేదే చిన్న పొట్లం కట్టిచ్చేను. పదిహేనేళ్ళ నించి అందరికీ ఇస్తున్నాను. దానికీ దీనికీ సంబంధం లేదు."

"సంబంధం లేదు. సరే. ఆ కాయితంలో దాని గురించేమన్నా ఉందా?"

"లేదండి. ఏం లేదు. అయిపోయిందండి రిపోర్టు."

"అడుగున ఇంకో వరసుంది కదా మేష్టారండీ."

"ఎక్కడ?"

"మీ బొటనవేలు కిందండి. అక్షరాలు రావుగానండి, లెక్కెట్టడం వచ్చు. వరసలు అయిదున్నాయి. నాలుగే చదివేరు."

"అది… అది తారీఖయ్యా. పరీక్ష చేసిన తారీఖు."

"తారీఖు కూడా వీడికి చదివి వినిపించాలా ఏంటి? ఇంక పోరా. తాళంచెవులు అమ్మగారికిచ్చేసి అట్నించటే పో."

"అలాగేనండి. రాజుగారండీ… మరి మస్కట్టు?"

"ఏ మస్కట్టు?"

"వీసా అండి. వచ్చే నెల ఎక్కిస్తానన్నారు. పాస్‌పోర్టు మీ బీరువాలోనే ఉందండి."

"తొట్టెడు నీళ్ళు చూసుకోలేనోణ్ణి నా మాట మీద కంపెనీకి పంపమంటావా? నీ బదులు మా డ్రైవరు సాయిబాబు ఎళ్తాడు."

"అలాగనకండి బాబూ! మొన్న చెంప మీద కొట్టేరు, పడ్డానండి. ఇంకో రెండు కొట్టండి, పడతాను. వీసా మాత్రం తియ్యకండి. చెరువులొచ్చేక మా పేట నూతులన్నీ ఉప్పెక్కిపోయేయి. కొబ్బరిచెట్లు మొవ్వు ఎండిపోతన్నాయి. మా ఇంటిది పాపాయమ్మ మూడు మైళ్ళు నడిచి తాగునీళ్ళు తెస్తంది. ఉన్నదల్లా ఆ మస్కట్టు ఒక్కటేనండి."

"ఏ చెరువులొచ్చేకరా?"

"తప్పైపోయిందండి. నోరు జారింది."

"జారుద్ది. జారుద్ది."

"మేష్టారండీ, మీరొక్కమాట చెప్పండి. మీరు చెప్తే రాజుగారు వింటారు. కాలేజీలో పాఠాలు చెప్పినోరు, లక్ష్మీకాంతం మేష్టారి నోట అబద్ధం రాదని మా పేటంతా అనుకుంటారండి. నిజంగా నావల్లే పోయేయాండీ?"

"అడుగుతున్నాడు, చెప్పండి మేష్టారూ."

"అమ్మోనియా… ఎక్కువుంది పోలయ్యా. నేనేం చెయ్యను."

"ఆయ్. మీరే అన్నాక ఇంకేముందండి. ఎప్పుడో ఓ చిటికెడు ఎక్కువేసేసుంటాను. తెలీకుండా వేసేసుంటానండి. పాపం, ఆ పగడాలు… వస్తానండి రాజుగారూ. వస్తానండి మేష్టారూ."

"వెళ్ళేడా?"

"వెళ్ళేడండి. వీధిలోకి దిగేడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు, పాపం."

"పాపమా! అయితే ఇంక బొటనవేలు తియ్యండి మేష్టారూ. చెమటకి కాయితం తడిసిపోతంది."

"ఏంటండి?"

"కాపర్. సున్నా పాయింటు ఆరు. అవునా? కవరు మా ఇంటికే కదండీ వచ్చింది. చూసుకుని మళ్ళీ అంటించి తెచ్చేను."

"మీకు… ఇంగ్లీషు…"

"పెద్దగా రాదండి. మస్కట్టులో పన్నెండేళ్ళు కరెంటుపని చేసేను. తీగచుట్టల మీద చూసి చూసి ఆ ఒక్క మాటా ఎక్కడున్నా పోల్చుకుంటాను. పగడాలమ్మినోడికి ఫోన్ చేస్తే చెప్పేడు. రాగి పడితే ముందు రొయ్యా నత్తా, తరవాత పగడం. పోలయ్య ఏం చెప్పేడో అదే. మీ నీలంపొడి, ఆ మైలుతుత్తమంటే రాగే కదా మేష్టారూ? మీ లాబ్ ముద్రేసిన పొట్లం మా ఆవిడ దాచింది."

"తెలీక ఇచ్చేనండి. చెరువు నీళ్ళూ అవీ ఒకటే అనుకున్నాను. తరవాత పుస్తకం తిరగేస్తే తెలిసింది."

"తెలిసేకే వాడి నెత్తిన రుద్దేరు."

"భయమేసిందండి! మేష్టారు మందు తప్పిచ్చేడని తెలిస్తే ఒక్క రైతు ఈ గుమ్మం తొక్కడు. తప్పే. సిగ్గుగా ఉంది. ఉండండి, వాణ్ణి పిలుస్తాను, ఇంకా సందు దాటుండడు. పోలయ్యా!"

"కూర్చోండి."

"వాడి తప్పేం లేదు కదండీ!"

"లేదని నాకు మొన్న కొట్టేటప్పుడే తెలుసు. పొట్లం మాట వాడు మొదటిరోజే చెప్పేడు."

"మరి వాడి పొట్ట ఎందుకండీ కొట్టడం?"

"నేనెక్కడ కొట్టేను? తీర్పు చెప్పింది మీరు. ప్రాణం మీదకొస్తే మీరెలా చదువుతారో చూద్దామని ఊరికే కూచున్నాను. బానే చదివేరు."

"మీకేం కావాలండి నా దగ్గర?"

"పోయిన పగడాలు తెచ్చివ్వలేరు కదా. మా చెరువులవల్ల నూతులు పాడైపోయేయని పోలయ్య పేటోళ్ళు అర్జీ పెట్టేరు. నీళ్ళు పరీక్ష చేయిస్తామన్నారు ఆఫీసరుగారు. ఎవరిచేతరా అంటే పేటంతా ఒక్కటే పట్టు, మా లక్ష్మీకాంతం మేష్టారైతేనే ఒప్పుకుంటాం అని. నేనూ ఒప్పేసుకున్నాను."

"బుచ్చిరాజుగారూ, అవి అక్వేరియం నీళ్ళు కావండి. పిల్లలు తాగే నీళ్ళు."

"సోమవారం పొద్దున్న ఆ నూతి నీళ్ళు బిందెతో మోసుకొస్తారు, పాపాయమ్మా పోలయ్యా. ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి, ఆ కాయితం కూడా ఇలాగే చదివి వినిపించండి."