మానెడు బియ్యం, మానెడు పిండి

"అమ్మమ్మా, కేకు చేద్దామంటె గీ వంట పుస్తకంల అన్ని గ్రాములే రాసిర్రు. కప్పు పిండి, కప్పు చక్కెర ఒక్క బరువే ఉంటయా?"

ఎట్లుంటయి బిడ్డా? ఉండయి. గీ ముచ్చట నాకు ఇరవై ఏండ్లకే ఎర్కైంది. కూసో, చెప్త.

మా అత్త నర్సమ్మ, అంటె మీ తాత తల్లి, పెండ్లి వంటలకు పెట్టింది పేరు. కొండాపూర్ల గని, సుట్టుపక్కల గని, యాడ లగ్గమైనా పెద్ద పొయ్యి కాడ ఆమెనే ఉండాలె. నీ ఆఫీసు బస్సు ఆగే కాడ అప్పుడు జొన్నచేండ్లు, రాళ్లగుట్టలు. నిజాం రాజ్యం పోయిన ఏడు... కాదు కాదు, మరుసటేడు, మా ఊరి పటేలు బిడ్డ లగ్గం కుదిరింది. గప్పుడే అత్తకు సలిజెరం వొచ్చె. మంచం దిగలేకపోయింది. "లచ్చమ్మా, నువ్వే పో. చెయ్యి కొలత నేర్పిన గద" అన్నది. నేనొక్కదాన్నే పోవుడు గదే మొదలు.

ఎప్పుడైనా ఇంటి గింజలే వండేది, మానిక గిన్నెతోని కొలుసుడే, తూసుడు లేదు. ఆ ఏడు వానల్లేక కాలం కాలె. సామానంత పట్నం బేగంబజారు నుంచి తేవాలె. ఆడ షావుకార్లు సేర్ల లెక్కన తూసి ఇస్తరు, మానికలంటె వాళ్లకు పట్టది. పటేలు ఇంట్ల లెక్కలు రాసే మున్షీ ఉండె. నేను చెప్పిన: నూరు మానికల బియ్యం, ఇరవై మానికల కందిపప్పు, బచ్చాలకు, అంటె బొబ్బట్లకు, పది మానికల గోధుమపిండి. ఆయన ఇంట్లున్న పిండి మానెడు తూసిండు. సేరు తూగింది. ఇగ అన్నిటికీ గదే లెక్క. నూరు మానికల బియ్యం, నూరు సేర్లు అని రాసుకున్నడు.

మానెడు బియ్యం ఎత్తిన చెయ్యికి, మానెడు పిండి ఎత్తిన చెయ్యికి తేడా తెల్వదా?

"మున్షీ సాబ్, బియ్యం బరువెక్కువ. నూరు సేర్లే తెస్తె నడిపంక్తిల అన్నం అయిపోతది" అన్న.

ఆయన తలకాయ గూడ ఎత్తలె. "మానిక ఒక్కటే, సేరు ఒక్కటే. లెక్క నాది, వంట నీది. మీ అత్త ఎన్నడు గిట్ల ఎదురు మాట్లాడలె."

తెల్లారితె సామాన్లకు బండి పట్నం పోతది. అన్నం తక్కువైతె కాయిదాన్ని ఎవ్వరు తిట్టరు బిడ్డా, నర్సమ్మ కోడలిని తిడ్తరు. పటేలు భార్య ఆడనే కూసున్నది. "అమ్మా, జర తక్కెడ తెప్పియ్యుండ్రి. తూనికరాళ్లు వద్దు" అన్న.

ఒక పళ్లెంల మానెడు పిండి పోసిన. రెండో పళ్లెంల, అదే మానికతోని, మానెడు బియ్యం. తక్కెడ ఎత్తిన్నో లేదో, బియ్యం దిక్కు పోయి నేలకానింది.

మున్షీ లేసొచ్చిండు. తక్కెడల తప్పున్నదేమోనని పళ్లాలు మార్చి ఎత్తిండు. మల్ల బియ్యమే దిగింది. రాళ్లేసి చూస్తె బియ్యం మానెడు సేరున్నర. పప్పు గూడ దగ్గర దగ్గర గంతే. ఉప్పైతె రెండు సేర్లు. పిండిల ఇంకో పేచీ ఉన్నది, తట్టి నింపితె ఒక బరువు, ఒదులుగ పోస్తె ఒక బరువు. గది గూడ నేనే చూపెట్టిన.

ఆయన ఆ కాయిదం చింపి కొత్తది తీసిండు. "చెప్పు లచ్చమ్మా" అన్నడు. నేను ఒక్కొక్కటి తూసుడు, ఆయన రాసుడు. వేలుముద్ర దాన్ని నేను చెప్తుంటె ఫార్సీ చదివినాయన రాసిండు, ఎర్కేనా.

లగ్గం నాడు ఆఖరి పంక్తి లేసినంక గూడ గంగాళంల ఇంకో పది మందికి అన్నం ఉండె. మున్షీ తిని, చెయ్యి కడుక్కొని, సీదా మా ఇంటికొచ్చిండు. గడప కాడ నిలవడి, "నర్సమ్మా, నీ కోడలు నా లెక్క దిద్దింది" అన్నడు.

అత్త గొంగడిలకెల్లి చెయ్యి తీసి నా చెయ్యి పట్టుకున్నది. ఆయన పోయినంక గూడ ఇడ్వలె. జెరంతోని ఎంత ఎచ్చగుండెనో ఆ చెయ్యి...

ఆఁ. ఏమోగని బిడ్డా, నీకు ఎర్కున్న మాట నలుగురిల చెప్పేటప్పుడు నీ గొంతు ఎన్నడు వణకద్దు. గంతే నేను కోరేది.